మరమ్మతు చేయు చేతికి తాళమా?

గడచిన వేసవిలో ఖరగ్‌పూర్ గోల్‌బజారు ప్రక్కన మా కంటబడిన ఒక చిన్న విషయమును పాఠకుల ముందుంచుట అవసరమని భావించుచున్నాము. ఒక పార్సెళ్ళ వ్యానులో ఏ.సి. ప్యానెల్ చెడిపోయినది. దానిని మార్చవలసి వచ్చినది. ఇంతమాత్రమునకు ఫెడరేషన్ బులెటిన్‌లో పుటలు నింపవలెనా అని కొందరు మిత్రులు ముందే అడిగినారు. చదివిన పిమ్మట వారే నిర్ణయింతురు గాక.

ఆ వ్యాను విద్యుత్తుతో నడుచునది. దానిని నడుపువాడు నింపురాలో పుట్టి పెరిగిన తెలుగు యువకుడు. అతని తాత శ్రీకాకుళం ప్రాంతము నుండి వచ్చి, ఆవిరి ఇంజన్లు తిరుగుచున్న రోజులలో రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరి, ఫిట్టరుగా పదవీ విరమణ చేసినవాడు. మనుమనికి రైల్వే ఉద్యోగము దొరకలేదు. ఒక కాంట్రాక్టరు క్రింద దినకూలికి ఇంటింటికి పార్సెళ్ళు చేర్చుచున్నాడు. ఏప్రిల్ నెలలో ఒకనాడు వ్యానులోని ప్యానెల్ దీపములు ఆరిపోయినవి. ఏ.సి. రాలేదు, ఫ్యాను తిరుగలేదు. కాంట్రాక్టరుకు చెప్పగా, కొత్త ప్యానెల్ కలకత్తా నుండి రావలెననియు, అంతవరకు అద్దములు దించుకొని నడుపుకొమ్మనియు సమాధానము వచ్చినది.

ఆ కాంట్రాక్టరు షెడ్డులోనే ప్రమాదములో దెబ్బతిన్న అదే రకము వ్యాను మరొకటి పడియున్నది. దాని ప్యానెల్‌కు ఏ గాయమును లేదు. పెద్దాయన ఒక ఆదివారము ఉదయము వచ్చి, ఆ ప్యానెల్‌ను జాగ్రత్తగా విప్పి, మనుమని బండిలో అరగంటలో బిగించినాడు. దీపములు వెలిగినవి. పిల్లవాడు మీట నొక్కి చూచి, "తాతా, లైట్లు వెలుగుతున్నాయి గాని గాలి రావటం లేదు" అన్నాడు. ముసలివాని పనిలో లోపము లేదు. ఆ ప్యానెల్ ఈ బండిది కాదని లోపలి కంప్యూటరు గుర్తించి, దాని మాట వినుటకు నిరాకరించినది. కంపెనీవారి యంత్రముతో, కంపెనీవారి రహస్య సంకేతముతో ఈ రెండింటికిని పరిచయము చేయించిన గాని గాలి రాదట. కొన్ని నమూనాలలో ప్యానెల్ తీసి పెట్టినంతనే పనిచేయును. ఇది అట్టి బండి కాదు.

పెద్దాయన స్పానరును సంచిలో వేసికొని లేచి వెళ్ళిన తీరును మేము మరువలేకున్నాము.

ఏ.సి. విలాసమని, పార్సెల్ బండి నడుపువానికి అది ఎందుకని మనలో కొందరు పెద్దలు ఇప్పటికిని అనుచుందురు. వారికి ఒక్క సంఖ్య చెప్పెదము. 2024 ఏప్రిల్ 30న ఖరగ్‌పూర్ ప్రక్కనే ఉన్న కలైకుండలో 47.2 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైనది; అది ఆ కాలపు మామూలు కంటె సుమారు పది డిగ్రీలు ఎక్కువ. ఆ నీడలో కొలిచిన వేడియే అంత ఉండగా, ఎండలో నిలిచిన ఇనుప పెట్టె లోపల ఎంత ఉండునో ఊహింపవచ్చును. వడదెబ్బ తగిలిన మనిషి మొదట కోల్పోవునది వివేకము. బ్రేకు ఎప్పుడు వేయవలెనో, ఎదుటివాడు ఎటు తిరుగునో అతనికి తెలియదు. శీతకాలములో సంగతి వేరొక విధముగా ఉండును. పొగమంచు పట్టిన ఉదయమున ముందు అద్దము లోపలి తేమను తుడుచునది ఈ ప్యానెల్ క్రింద నడచు గాలియే. కావున దీనిని బ్రేకు, దీపము, హారన్‌ల సరసన లెక్కింపవలెను.

ప్రభుత్వము ఈ సత్యమును సగము అంగీకరించినది. 2023 డిసెంబరులో వెలువడిన నోటిఫికేషన్ ప్రకారము, 2025 అక్టోబరు 1 నుండి తయారగు లారీల క్యాబిన్లకు ఏ.సి. తప్పనిసరి. కాని ఈ నియమము 3.5 టన్నులకు మించిన బండ్లకే వర్తించును. ఇంటింటికి సరుకు చేర్చు చిన్న వ్యానులలో అత్యధికము ఆ బరువుకు లోబడినవే. వేడికి బండి బరువు తెలియునా?

పరదేశములలో తపాలా కార్మికులు దీనికొరకు ఎంత కాలము వేచియున్నారో చూడుడు. అమెరికా తపాలా శాఖవారు 1987 నుండి 1994 వరకు తయారు చేయించిన బట్వాడా వ్యానులలో ఏ.సి. లేదు. వాటిలో వేలాది బండ్లు ముప్పది యేండ్లు దాటినను రోడ్లపై తిరిగినవి. 2023 జూన్‌లో తీవ్రమైన వడగాడ్పుల మధ్య డల్లాస్ నగరములో ఒక పోస్ట్‌మ్యాన్ బట్వాడా చేయుచునే కుప్పకూలి మరణించినాడు. వాటికి బదులుగా ప్రత్యేకముగా రూపొందించిన ఏ.సి. గల కొత్త వ్యానులు 2024లో గాని వారి చేతికి వచ్చుట ప్రారంభము కాలేదు. యు.పి.ఎస్. అను ప్రైవేటు పార్సెల్ సంస్థలో టీమ్‌స్టర్స్ యూనియన్ 2023లో సమ్మె అంచుదాక వెళ్ళి, 2024 జనవరి 1 తరువాత కొను పెద్ద బట్వాడా బండ్లన్నిటికిని ఏ.సి. ఉండవలెనని ఒడంబడికలో వ్రాయించినది. మన దేశములో లోకో పైలట్ల దీర్ఘకాలపు కోరిక ఫలించి, కొత్త విద్యుత్ ఇంజన్లు ఏ.సి. క్యాబులతో వచ్చుచున్నవి.

అయితే ఏ.సి. పెట్టించుట ఒకటి, చెడినప్పుడు బాగుచేయించుట మరొకటి. మన డిమాండ్ల పత్రములలో మొదటిది పెద్ద అక్షరములతో ఉండును. రెండవది ఎక్కడను కనబడదు. ఈ లోపము మనదే. ఒప్పుకొందము.

విషయము తెలియుటకు ఈ ప్యానెల్ ఏమి చేయునో కొంత చెప్పవలెను. డీజిలు బండిలో వేడిగాలి ఉచితము. ఇంజను వదలు వేడినే హీటరు వాడుకొనును. చల్లగాలికి కంప్రెసరును ఇంజనే బెల్టుతో త్రిప్పును. విద్యుత్ వ్యానులో ఇంజను లేదు గనుక రెండింటికిని బ్యాటరీయే ఆధారము. కంప్రెసరు లోపలనే మోటారు ఉండును. అనేక బండ్లలో దానికి 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు, నారింజ రంగు తొడుగు గల తీగల గుండా, బండిని నడుపు పెద్ద బ్యాటరీ నుండియే వచ్చును. ఆ కంప్రెసరులో పోయు నూనె కూడ వేరు. విద్యుత్తును ప్రవహింపనీయని ప్రత్యేకమైన నూనె. తెలియనివాడు మామూలు కారు ఏ.సి. నూనె పోసినచో ఇన్సులేషన్ దెబ్బతినును. కొన్ని వ్యానులలో అదే గ్యాసు బ్యాటరీని కూడ చల్లబరచును.

ప్యానెల్ మాత్రము ఈ నారింజ తీగల జోలికి పోదు. అది మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీపై పనిచేయును. మీట నొక్కినప్పుడు అది ఒకటి రెండు సన్నని తీగల గుండా లోపలి కంప్యూటరుకు వార్త పంపును, అంతే. మన తంతి కార్యాలయములలో మోర్సు మీట చేసిన పనికిని దీనికిని పెద్ద తేడా లేదు. (2013 జూలైలో తంతి సేవ ముగిసిననాడు ఆ మీటలను ముట్టి కన్నీరు పెట్టిన మిత్రులు మనలో ఉన్నారు.)

దీనిని మార్చు విధము తెలిసిన మెకానిక్ మొదట ప్యానెల్‌ను ముట్టడు. ఫ్యూజు చూచును. ఫ్యాను మోటారుకు విద్యుత్తు అందుచున్నదా, ప్లగ్గులో తేమ చేరి పచ్చ పట్టినదా, గాలి దారులను మార్చు చిన్న మోటారు ఇరుక్కొన్నదా అని చూచును. నిజముగా చెడినది ప్యానెల్ కాక, పది రూపాయల ఫ్యూజు అయిన సందర్భములు కొల్లలు. ప్యానెలే చెడినదని తేలిన పిమ్మట బండిని పూర్తిగా ఆపి, లోపలి కంప్యూటర్లు నిద్రించువరకు కొన్ని నిమిషములు ఆగి, చిన్న బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పును. చుట్టునున్న చట్రమును ప్లాస్టిక్ పనిముట్టుతో లేపును, ఇనుప స్క్రూడ్రైవరుతో కాదు. స్క్రూలు విప్పి, ప్లగ్గుల గొళ్ళెములు నొక్కి తీసి, కొత్తదానిని అమర్చును. పిదప గాలి దారుల మోటార్లకు వాటి హద్దులు నేర్పవలెను. ఇది కూడ కంప్యూటరు యంత్రముతో కొద్ది నిమిషముల పని. మన వర్క్‌షాపులో రైలు పెట్టెల ఏ.సి. విభాగములో పనిచేయువానికి గాని, మెయిల్ మోటార్ సర్వీసు మెకానిక్‌కు గాని ఇందులో రానిదేమి? ఒక్కటే రాదు. ఆ చివరి సంకేతము. అది విద్య కాదు, తాళము.

ఇచట ఒక లెక్క చెప్పవలసి యున్నది. ఒక చిన్న వ్యానుకు 20 యూనిట్ల బ్యాటరీ ఉన్నదనుకొందము. ఎండలో ఏ.సి. గంటకు ఒక యూనిట్ తీసికొన్నచో, ఆరు గంటల డ్యూటీలో ఆరు యూనిట్లు పోవును. అనగా బ్యాటరీలో దాదాపు మూడవ వంతు. అన్ని కిలోమీటర్లు తగ్గును, అన్ని పార్సెళ్ళు తగ్గును. కావున చెడిన ప్యానెల్ ఆ కాంట్రాక్టరుకు నష్టము కాదు, లాభము. బ్రేకు చెడినచో అతడు ఆ పూటనే బాగుచేయించును. ప్యానెల్ చెడినచో "కలకత్తా నుండి రావలెను" అనును. కంపెనీ వేసిన తాళము కాంట్రాక్టరుకు సాకు. ఇరువురి నడుమ ఎండలో ఉడుకుచున్నవాడు ఆ పిల్లవాడు.

అతడు మన సభ్యుడు కాడు గదా అనువారికి ఒక మాట. 2022 మార్చి 31న సూరత్, వారణాసుల మధ్య రైల్వే, తపాలా శాఖల ఉమ్మడి పార్సెల్ సేవ ప్రారంభమైనది. ఇంటి నుండి స్టేషనుకు, స్టేషను నుండి ఇంటికి చేర్చు బాధ్యత తపాలా శాఖది. నడుమ ప్రయాణము రైల్వేది. ఇట్టి సేవ పెరిగిన కొలది స్టేషను ముంగిట వ్యానులు పెరుగును. అవి విద్యుత్ వ్యానులే అగును. వాటి స్టీరింగు ఎవరి చేతిలో ఉండును, వాటి మరమ్మతు ఎవరి చేతిలో ఉండును అను ప్రశ్నలకు సమాధానములు నేడు కొనుగోలు ఒప్పందములలో వ్రాయబడుచున్నవి. బండి వచ్చిన పిమ్మట మేల్కొన్నచో ప్రయోజనము లేదు.

తాళము వేయుట వ్యానులకే పరిమితము కాదని పోలెండు రైల్వే ఉదంతము తెలుపుచున్నది. అచట కొన్ని విద్యుత్ రైళ్ళను పెద్ద ఓవర్‌హాల్ కొరకు, తయారీదారు కాని వేరొక వర్క్‌షాపునకు అప్పగించినారు. పని సక్రమముగా ముగిసినను రైళ్ళు కదలలేదు. పిలువబడిన కంప్యూటరు నిపుణులు రైలు లోపలి ప్రోగ్రామును పరిశీలించి, పరాయి వర్క్‌షాపులో కొన్ని దినములు నిలిచినచో రైలు తనంతట తానే స్తంభించునట్లు అందులో వ్రాసియున్నదని 2023 డిసెంబరులో బహిరంగముగా ప్రకటించినారు. తయారీదారు దీనిని ఖండించి, నిపుణులపై వ్యాజ్యములకు దిగినాడు. ఆ వివాదములో తుది తీర్పు ఎట్లున్నను, ఒక రైల్వే వర్క్‌షాపు కార్మికుడు బోల్టులన్నియు సరిగా బిగించి, రైలు ఎందుకు కదలదో తెలియక దాని ముందు నిలిచిన దృశ్యమును తలచుకొనుడు. అతనికిని మన నింపురా ఫిట్టరుకును భేదమేమి?

యాజమాన్యములు చెప్పు సమాధానము మనకు తెలియును. "విద్యుత్ బండిలో ప్రమాదకరమైన వోల్టేజి ఉన్నది. అందరు చేయి పెట్టినచో ప్రాణములు పోవును." ఇందులో సత్యము ఉన్నది. నారింజ తీగలను శిక్షణ లేనివాడు ముట్టరాదు. అట్టి పనికి బ్యాటరీ సంబంధము తెంచి, లోపల నిలిచిన విద్యుత్తు తగ్గువరకు పుస్తకములో చెప్పినంత సేపు ఆగి, మీటరుతో చూచి, 1000 వోల్టులను నిరోధించు చేతితొడుగులు తొడిగిన గాని చేయి పెట్టరాదు. కాని ఈ మాటను ఖరగ్‌పూర్‌లో చెప్పువారు ఒకసారి తల పైకెత్తి చూడవలెను. మన పట్టాలపై 25,000 వోల్టుల తీగ వ్రేలాడుచున్నది. దాని క్రింద మన ఓ.హెచ్.ఇ. సిబ్బంది ప్రతిదినము, పర్మిట్ టు వర్క్ చేతబట్టి, తీగకు ఎర్తింగు రాడ్లు తగిలించి, పనిచేయుచున్నారు. ఆ విద్య వారికి ఎట్లు వచ్చినది? రహస్యము ఉంచుట వలన వచ్చినదా? శిక్షణ ఇచ్చుట వలన, నియమములు ముద్రించి చేతికిచ్చుట వలన వచ్చినది. అపాయమునకు మందు శిక్షణ, తాళము కాదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఇచట వర్క్‌షాపు నెలకొల్పిన నాటి నుండి తరతరముల తెలుగువారు విశాఖ, శ్రీకాకుళం, గంజాం ప్రాంతముల నుండి వచ్చి ఈ ఎర్రమట్టి పట్టణములో స్థిరపడినారు. 1927లో బి.ఎన్.ఆర్. యాజమాన్యము వర్క్‌షాపు ఉద్యోగములను తగ్గింపబూనగా ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మెకు దిగిరి. వారికి నాయకత్వము వహించినవారిలో బరంపురమునకు చెందిన వి.వి. గిరి ముఖ్యులు, వారే 1969లో రాష్ట్రపతి అయినారు. నాటి పోరాటములో శత్రువు కంటికి కనబడినాడు. తొలగింపు నోటీసు కాగితముపై వచ్చినది, దానిపై పేర్లు ఉన్నవి. నేటి తొలగింపునకు కాగితము లేదు. ఒక్క ఉద్యోగినైనను తొలగింపకయే అతని చేతిలోని పనిని తొలగించుట నేటి పద్ధతి. బండితో పాటు అయిదేండ్ల గ్యారంటీ, దానితో పాటు వార్షిక మరమ్మతు కాంట్రాక్టు, దానితో పాటు సంకేతము. అయిదేండ్లు గడచునప్పటికి డిపోలో మెకానిక్ ఉండును, అతనికి జీతము ఉండును, చేయుటకు పని ఉండదు. ఆరవ యేట "ఈ పోస్టు అవసరమా?" అని ప్రశ్న పుట్టును. అప్పుడు మనము ఏమని వాదింతుము?

మేము యంత్రమునకు విరోధులము కాము. ఆవిరి పోయి డీజిల్ వచ్చినప్పుడును, డీజిల్ పోయి విద్యుత్తు వచ్చినప్పుడును మన వర్క్‌షాపు కార్మికులు కొత్త పని నేర్చుకొన్నారు. నేర్పినవారు ఉన్నారు, పుస్తకములు ఉన్నవి, విడిభాగములు స్టోర్సులో ఉన్నవి. ఇప్పుడును అంతే అడుగుచున్నాము.

మరమ్మతు హక్కు అను మాటను ప్రభుత్వమే పలికినది. 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారముల శాఖ ఒక కమిటీని నియమించి, అదే సంవత్సరము డిసెంబరులో ఒక పోర్టల్‌ను ప్రారంభించినది. అది పేర్కొన్న నాలుగు రంగములలో మోటారు వాహనములు ఒకటి. కాని ఇది చట్టము కాదు. కంపెనీలు ఇష్టమున్నంత మేరకు చెప్పును, లేనిది దాచును. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో 2012లోనే ప్రజలు ఓటు వేసి, కార్ల మరమ్మతు సమాచారమును బయటి మెకానిక్‌లకు కూడ ఇవ్వవలెనని శాసనము చేయించుకొన్నారు. 2020లో మరల ఓటు వేసి, బండి నుండి వైర్‌లెస్ ద్వారా కంపెనీకి పోవు సమాచారమునకు కూడ దానిని విస్తరింపజేసినారు.

శాసనము వచ్చువరకు ఊరకుండనవసరము లేదు. రైల్వే, తపాలా శాఖలు సామాన్యమైన కొనుగోలుదారులు కావు. వేల సంఖ్యలో కొనువాడు షరతు విధింపగలడు. వ్యాను గాని, ఏ.సి. క్యాబు గాని కొనునప్పుడు దాని మరమ్మతు పుస్తకము, లోపములను చదువు యంత్రము, విడిభాగములను బండికి పరిచయము చేయు సంకేతము, బండి జీవించినంత కాలము, అదనపు రుసుము లేకుండ శాఖకు చెందవలెనని టెండరులోనే వ్రాయవలెను. ప్యానెల్ వంటి తరచు చెడు వస్తువులు డిపోలో నిలువ ఉండవలెను. అధిక వోల్టేజి పనిలో శిక్షణ డ్యూటీ కాలములోనే, జీతముతో ఇవ్వవలెను. ఇవి కాగితముపై వ్రాయుట సులభము, జె.సి.ఎం. సమావేశములో అధికారి "కంపెనీ ఒప్పుకొనదు" అన్నప్పుడు మన ప్రతినిధికి ఈ సాంకేతిక వివరములు తెలిసియుండవలెను. అందుకే ఇంత సేపు ఫ్యూజుల గురించి, తీగల గురించి వ్రాసితిమి.

అన్నింటికంటె ముఖ్యమైన షరతు ఒకటి కలదు. వాతావరణ శాఖ వడగాడ్పుల హెచ్చరిక జారీ చేసిన దినములలో, గాలి రాని వ్యానును రోడ్డెక్కింపరాదు. బదులు బండి ఇవ్వవలెను, లేదా కూలి కోయకుండ పని వేళ మార్చవలెను. ఇది మన శాఖల డ్రైవర్లకు మాత్రమే గాక, మన సంచులను, మన పార్సెళ్ళను మోయు ప్రతి కాంట్రాక్టు డ్రైవరుకును వర్తింపవలెను. ఈ ఒక్క షరతు ఉన్నచో చెడిన ప్యానెల్ వలన లాభపడు కాంట్రాక్టరు ఉండడు. కలకత్తా నుండి రావలసినది మరుసటి దినమే వచ్చును.

నింపురా యువకుని బండికి కొత్త ప్యానెల్ 17వ దినమున వచ్చినది. దానితో వచ్చిన కుర్రవాడు కూడ ఒక కాంట్రాక్టరు మనిషియే. బిగించుటకు పది నిమిషములు పట్టినది. తరువాత ముప్పది నిమిషములు అతడు ఫోను పైకెత్తి పట్టుకొని, కంపెనీ నుండి అనుమతి దిగు సిగ్నలు కొరకు షెడ్డు చుట్టు తిరిగినాడు. పెద్దాయన అతనికి స్టూలు వేసి, మంచినీళ్ళిచ్చి, ప్రక్కన నిలుచుండి చూచినాడు.